కరెంటు పెట్టాక కొబ్బరి బొండం

రావులపాలెం పిన్నికి ఈ రోజుతో రేడియేషన్ ట్రీట్‌మెంట్ అయిపోయింది. ఆసుపత్రి నుంచి రాజమండ్రిలో మా ఇంటికి తీసుకొచ్చేసరికి పక్కింటావిడ రెండు కొబ్బరి బొండాలు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు.

"కరెంటు పెట్టారు కదండీ, వేడి చేస్తుంది. తాగించండి" అన్నారు.

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే నోరు ఊరుకోదు కదా. ఆవిడ వెళ్లాక పిన్నికి పాఠం మొదలుపెట్టాను.

"అది వేడి కాదు పిన్నీ. కిరణం తగిలితే డీఎన్‌ఏలోని ఒక ముక్క నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. దాని జత ఎలక్ట్రాన్ ఒంటరిగా మిగులుతుంది. అలాంటి ముక్కనే ఫ్రీ రాడికల్ అంటారు. అది కుదురుగా ఉండదు, పక్కవాటినీ చెడగొడుతుంది. చివరికి డీఎన్‌ఏ తెగుతుంది. గడ్డలో కణాలు చచ్చేది అలాగే."

పిన్ని అంతా విని, "మరి పక్కనున్న మంచి కణాలో?" అంది.

"వాటికీ కొంత తగులుతుంది. చాలావరకు అవే బాగుచేసుకుంటాయి."

"పాపం, ఏ తప్పూ చెయ్యకుండా వాటికెంత చాకిరీ. ఆ బొండం ఇలా ఇవ్వు."

ట్రీట్‌మెంట్ మొదలైన దగ్గర్నుంచి పిన్ని తినడానికో తాగడానికో నోరు తెరిచి ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. బొండానికీ డీఎన్‌ఏకీ సంబంధం లేదని చెప్పబోయి, రెండోది కూడా గ్లాసులో పోసిచ్చాను.

మీరైతే చెప్పేవారా?