పద్దెనిమిది చిలపలు

యుద్ధం రోజుల్లో యలహంకలో పాఠం మధ్యలో విమానం వచ్చేది. టీచరమ్మ సుద్దముక్క పట్టుకున్న చేతిని బోర్డు మీద అలాగే ఆనించి, పెంకుల అదురు తగ్గేదాకా నిలబడేది. ఆ కాస్త సందులో పిల్లలంతా పక్కవాళ్ళతో గుసగుసలాడుకునేవాళ్ళు. నా పక్కన ఎవరూ ఉండేవారు కాదు కనుక, పలక మీది లెక్కను ఇంకోసారి చేసి చూసుకునేదాన్ని. నా లెక్కలు తప్పకపోవడానికి అదే కారణమేమో.

ఆడపిల్లల మిడిల్ స్కూల్లో ఏడో తరగతిలో మేం పద్దెనిమిది మందిమి. బల్లకు ముగ్గురు చొప్పున ఆరు బల్లలు సరిపోవాలి. కాని ముందు బల్లల మీద నలుగురేసి ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. చివరి బల్ల నాకు మిగిలిపోయేది. ఎవరూ నన్ను వెళ్ళగొట్టలేదు. నేతవాళ్ళ వీధి నుంచి ఏడో తరగతి దాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. మొదటి రోజు భయంతో వెళ్ళి చివర కూర్చున్నాను, ఆ తరువాత అది నా చోటు అయిపోయింది. బడిలో మాటలన్నీ కన్నడంలో, ఇంట్లో మాది తెలుగు. నాకు రెండూ బాగానే వచ్చు. అడిగితే జవాబు చెప్పేదాన్ని. ఎవరూ అడగకుండా నా అంతట నేను చెప్పడం మాత్రం ఏ భాషలోనూ రాలేదు. చెప్పని మాటలన్నీ ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. కాగితం దొరకని కాలం, అందుకని అక్షరాలు చీమల్లా ఉండేవి.

హెడ్మిస్ట్రెస్ గదిలో అద్దాల బీరువా ఒకటి ఉండేది. అందులో నలభై పుస్తకాల దాకా ఉండేవి. తాళం తీయడం నేనెప్పుడూ చూడలేదు. హాజరు పట్టీ ఇచ్చి రమ్మని పంపినప్పుడల్లా అద్దం లోంచి వాటి పేర్లు చదువుకుని, లోపల ఏముంటుందో దారిలో ఊహించుకునేదాన్ని.

ఆ ఏడాది వారానికి మూడు గంటలు నూలు వడికే పని పెట్టారు. ఒక్కొక్కరికి ఒక తకిలీ, అంటే చేత్తో తిప్పే చిన్న కదురు, కొన్ని దూది ఏకులు ఇచ్చారు. టీచరమ్మకు చరిత్ర, భూగోళం బాగా వచ్చు కాని దారం రాదు. రెండు జానలు సాగకుండానే తెగిపోయేది. నా దారం తెగలేదు. పుట్టినప్పటి నుంచి నూలు మధ్య పెరిగినదాన్ని, అందులో నా గొప్ప ఏమీ లేదు. ఒకరోజు ఆమె విసిగి, "దాని దగ్గరికి పోయి చూసి నేర్చుకోండి ఎవరైనా" అన్నది.

ధాన్యం మండీ వాళ్ళ అమ్మాయి లేచి వచ్చింది. వాళ్ళు ఎన్నో తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు వ్యాపారులు. నాతో ఆమె తెలుగులో మాట్లాడడం అదే మొదలు.

"ఇట్ల లాగతానే తెగిపోతా ఉండాది నాది. నీది ఎట్ల నిలుస్తాదే?"

"లాగద్దు. ఏకును ఊరికే వదలాల. అదే వస్తాది."

"అదే వస్తాదా? మా ఇంట్లో పిల్లి గూడా పిలిస్తే రాదు. ఇది వస్తాదంట."

నాకు నవ్వు వచ్చింది. బడిలో నవ్వానని ఆ రోజు నోటుపుస్తకంలో రాసుకున్నాను. మరునాడు నూలు గంట కాకపోయినా ఆమె సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ముందు బల్లవాళ్ళు పిలిచారు. "ఇక్కడ కాళ్ళు చాపుకోవచ్చు" అని ఆమె కదలలేదు.

నెల తిరిగేసరికి ఆమె దారం, నాది తప్ప, క్లాసులో అందరికంటే సన్నగా వచ్చింది. ఏడాది చివర మా హోబళిలోని, అంటే చుట్టుపక్కల ఊళ్ళలోని, ఆరు బడులు కలిసి ఆటలు, చేతిపనుల ప్రదర్శన పెట్టేవి. మంచి చిలపకు బహుమతి ఒక పుస్తకమని చెప్పారు. వడికిన దారాన్ని చెక్క చట్రానికి చుట్టి, ముడివేసి తీస్తే చిలప అవుతుంది. ఒక్కొక్కరం ఒక్కొక్క చిలప ఇవ్వాలి.

"నాకే వస్తే పుస్తకం నువ్వు ముందు చదువు" అన్నది ఆమె. "నాకు రెండు పేజీలకే నిద్ర వస్తాది. నువ్వు చదివేసి కథ చెప్పు చాలు."

బహుమతి నాకు రావాలని ఒక్కనాడూ కోరుకోలేదు. ఆమెకే రావాలి, పుస్తకం మా ఇద్దరి మధ్య బల్ల మీద ఉండాలి, నేను చెబుతుంటే ఆమె వినాలి. రాత్రి దీపం తీసేశాక కూడా దాన్నే తలుచుకునేదాన్ని.

ప్రదర్శనకు వారం ముందు శుక్రవారం టీచరమ్మ పద్దెనిమిది చిలపలూ నా చేతికి ఇచ్చింది. పిల్లల చేతుల మురికితో అవి బూడిదరంగులో ఉన్నాయి. "మీది మగ్గం ఇల్లు కదా, కుంకుడు నీళ్ళలో జాగ్రత్తగా ఉతికి సోమవారం తీసుకురా" అన్నది. ఒక్కొక్క చిలపకూ పేరు రాసిన కాగితం చీటీ కట్టి ఉంది. ఆ సాయంత్రం నలుగురైదుగురు పిల్లలు వీధి మలుపు దాకా నాతో నడిచి వచ్చి, "నాది జాగ్రత్తే" అని ఒకరి తరువాత ఒకరు చెప్పారు. ఇంత మంది నా వెంట ఎన్నడూ రాలేదు.

ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. అమ్మ పురిటికి హిందూపురం వెళ్ళింది. నాయన నూలు కోసం బెంగళూరు చిక్కపేట వెళ్ళాడు. మిల్లు నూలు దొరకక రెండు నెలలుగా మా మగ్గం ఆగిపోయి ఉంది. పడుగు ఎక్కించి ఉంది, అడ్డంగా కొట్టడానికి పేక నూలు లేదు. ఉన్నది అవ్వ ఒక్కతే. ఆమెకు చూపు మందగించింది, నాతో అంతగా మాట్లాడదు. నేను పెరట్లో చిలపలు ఉతికి, దండెం మీద ఆరేసి, శనివారం పొద్దున చీటీలు మళ్ళీ కట్టి, ఇంట్లో అన్నిటికంటే శుభ్రమైన చోటు మగ్గం పక్కనే కదా అని గంపలో పెట్టి అక్కడ ఉంచాను. ఒక్క మాట, "అవ్వా, ఇవి బడివి" అని చెప్పి ఉండవచ్చు. అది నా సొంత పని, నాకు అప్పజెప్పిన పని అనుకున్నాను. నాలోనే దాచుకోవాలనిపించింది.

శనివారం ఒంటిపూట బడి. తిరిగి వస్తుంటే వీధి మొదట్లోనే మగ్గం చప్పుడు వినిపించింది. మా ఇంటిదే. నాయనకు నూలు దొరికింది అనుకుని పరుగెత్తాను.

మగ్గం గుంటలో కూర్చుని నాయన పడుగు మధ్య నాడెను అటూ ఇటూ విసురుతున్నాడు. ముఖంలో రెండు నెలలుగా లేని వెలుగు ఉంది. అవ్వ రాట్నం దగ్గర కండెకు నూలు చుడుతూ ఉంది. గంప ఖాళీగా ఉంది.

"అవ్వా, గంపలో నూలు?"

"అదే కదా నేసేది" అన్నది అవ్వ. "ఏం నూలో అప్పా, ఒకటి లావు, ఒకటి సన్నం. మీ నాయన తెచ్చి పెట్టినాడు గదా, ఉన్నదే చుట్టినాను."

నాయన నాడె ఆపాడు. "నేను యాడ తెచ్చినానమ్మా? నాకు చిక్కపేటలో చిటికెడు గూడా దొరకలా. నువ్వే పక్కింట్లో అడిగి తెచ్చినావనుకుంటి."

"వాళ్ళ కాడ మాత్రం యాడుండాది?"

ఇద్దరూ నా వైపు చూశారు. "బడిది" అన్నాను. తరువాత, "చీటీలు?" అని అడిగాను.

మిల్లు నూలు కట్టలకు ఎప్పుడూ రంగు చీటీలు అతికించి వస్తాయి. మా ఇళ్ళలో నూలు కట్ట విప్పితే మొదట చేసే పని ఆ చీటీ చించి పొయ్యిలో వేయడం. అవ్వ యాభై ఏళ్ళుగా చేస్తున్న పని అదే. పద్దెనిమిది పేర్లనూ అలాగే పొయ్యిలో వేసింది.

అవ్వ రాట్నం ఆపేసింది. "కండెలు విప్పేస్తాను ఉండు అమ్మీ, చిలపలు కట్టిస్తాను" అన్నది. కాని ఒక దారం కొస అయిపోగానే ఇంకో దారం ముడివేసి చుట్టింది. ఏది ఎవరిదో ఆమెకే తెలియదు. మూరకు పైగా అప్పటికే గుడ్డ అయిపోయింది. నాయన చాలాసేపు నేసినదాన్ని వేళ్ళతో తడుముతూ కూర్చున్నాడు.

"దారం తిరిగి ఇయ్యలేం" అన్నాడు చివరికి. "గుడ్డయినా సరిగ్గా ఇద్దాం."

ఆదివారం పొద్దు వాలేదాకా నేసి, తన పడుగులోంచి ఆ మూడు మూరల గుడ్డను కోసి, మడిచి నాకు ఇచ్చాడు. నేను వచ్చి చెప్పనా అని అడిగాడు. వద్దన్నాను. అదీ పొరపాటే.

సోమవారం ఆ గుడ్డ టీచరమ్మ బల్ల మీద పెట్టాను. ఆమె ముందు సంతోషపడింది, మా నాయన బడికి ఏదో కానుక పంపాడనుకుంది.

"చాలా బాగుంది. చిలపలు ఏవి?"

"అవే" అన్నాను.

చెప్పవలసినదంతా రాత్రి మూడుసార్లు రాసుకున్నాను. అక్కడ నిలబడితే చీటీలు, పొయ్యి, అవ్వ అని విడివిడి ముక్కలు మాత్రమే వచ్చాయి. టీచరమ్మే అడిగి అడిగి సంగతి రాబట్టింది. ఆమె తిట్టలేదు. తల మీద చేయి పెట్టుకుని కూర్చుంది.

"మా నూలుతో మీ నాయన చీర నేసుకుంటా ఉన్నాడా?" అని ముందు బల్ల నుంచి ఎవరో కన్నడంలో అన్నారు.

"సగం అయినాక గుర్తొచ్చినట్లుంది పాపం" అని ఇంకొకరు.

అందరూ నవ్వారు. మండీ వాళ్ళ అమ్మాయి నవ్వలేదు. గుడ్డ వైపే చూస్తూ ఉంది. మధ్యాహ్నం గంట కొట్టాక ఆమె సంచి నా బల్ల మీద లేదు.

ప్రదర్శన మగపిల్లల బడి ఆవరణలో జరిగింది. ఒకవైపు పరుగు పందేలు, ఇంకోవైపు బల్లల మీద మట్టి బొమ్మలు, అల్లికలు, చిలపలు. టీచరమ్మ మా గుడ్డను గోడకు వేలాడదీసి, ఏడో తరగతి అందరి పని అని అట్ట మీద రాసింది. ఇన్‌స్పెక్టరు వచ్చి అంచు పట్టుకుని చూశాడు. "ఇది మగ్గం వాళ్ళ పని, పిల్లల పని కాదు" అని పక్క బల్లకు వెళ్ళాడు. బహుమతి పుస్తకం ఇంకో బడి పిల్లకు వెళ్ళింది. ఆ పిల్ల చిలప చూశాను. మండీ వాళ్ళ అమ్మాయిది అంతకంటే సన్నం.

గుడ్డ దగ్గర నన్ను కాపలా ఉంచారు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆమె వచ్చింది. సోమవారం తరువాత నాతో మాట్లాడడం అదే.

"దీంట్లో నాది యాడుండాది?"

ఒక్కొక్కరి దారం నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీగా కనబడుతూ ఉంది. కొన్ని ముతకగా, ఉండలు ఉండలుగా ఉన్నాయి. పైన ఒకటి, కింద ఒకటి, రెండు పట్టీలు మాత్రం నున్నగా ఉన్నాయి. ఒకటి ఆమెది, ఒకటి నాది. ఏది ఎవరిదో నాకు తెలియలేదు. ఆమెకు వడకడం నేర్పింది నేనే, ఇద్దరి చెయ్యీ ఒకటే అయిపోయింది. ఆ మాటే చెప్పి ఉంటే సరిపోయేది. కాని ఆమె దారాన్ని పోగొట్టినదాన్ని, పైగా తెలియదు అనడానికి నోరు రాలేదు.

"ఇది" అన్నాను పైదాని మీద వేలు పెట్టి.

ఆమె దాన్ని అరచేత్తో మెల్లగా తడిమింది. ముఖం మెత్తబడింది. ఒక్క క్షణం పాతరోజుల్లాగే ఉంది.

"మరి నీది?"

కింది పట్టీ చూపిస్తే, రెండూ ఒక్కలాగే ఉన్నాయే, నీకెట్ల తెలిసింది అని అడుగుతుందని భయపడ్డాను. మధ్యలో ముతక పట్టీ ఒకటి చూపించాను.

ఆమె దాన్ని చూసింది. తరువాత కిందికి వంగి నున్నటి పట్టీని చూసింది. లేచి నిలబడి నా వైపు చూసింది.

"నువ్వు ఇట్ల వడకవు" అన్నది.

నేను వేలు వెనక్కి తీసుకున్నాను.

"తెలీదని చెప్పుంటే పోయేది కదే. నాకేం కోపం లేకపోయె." ఆటల వైపు చూసింది. "పోతా, కుర్చీలాట ఉండాది" అని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

సాయంత్రం గుడ్డ దించి మడిచి టీచరమ్మకు ఇచ్చాను. కొన్నాళ్ళు అది బడిలో ఆమె బల్ల మీద పరిచి ఉండేది. సిరా మరకలు పడ్డాక తీసేశారు.

మేం పోట్లాడుకోలేదు. పోట్లాడి ఉంటే ఏదో ఒక రోజు రాజీపడేవాళ్ళం. ఎదురుపడితే ఆమె తల ఊపేది, నేనూ ఊపేదాన్ని. పరీక్షల చివరి రోజున గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆమె అడిగింది.

"పెద్ద బడికి పోతావా నువ్వు?"

"పోతా. నాయన బెంగళూరుకు పంపిస్తానన్నాడు."

"సరే" అన్నది. ఇంకా కాసేపు అక్కడే నిలబడింది. ఎండ బాగా ఉంది. ఆమె చెప్పు పట్టీ సరిచేసుకుని వెళ్ళిపోయింది.

"నువ్వో?" అని నేనూ అడగవలసిందని ఇంటికి వచ్చి అన్నానికి కూర్చున్నాక తోచింది. మరునాడు పనేమీ లేకపోయినా మండీ వీధి దాకా వెళ్ళాను. వాళ్ళ ఇంటి ముందు బండి ఆగి ఉంది, మనుషులు మూటలు దించుతున్నారు, లోపల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. ఆ గొంతు ఆమెదో కాదో పోల్చుకుందామని ఎదురు అరుగు నీడలో కాసేపు నిలబడ్డాను. ఒక పెద్దాయన బయటికి వచ్చి, "ఎవరు కావాలమ్మా?" అని అడిగాడు.

"ఎవరూ వద్దు" అని చెప్పి వచ్చేశాను.