పసుపు రాసిన కార్డు

నన్ను చేర్చుకోవడానికి మూడు కాలేజీలు పోటీపడ్డాయి. కర్నూలు కాలేజీలో నేను గదిలోకి అడుగు పెట్టగానే ప్రిన్సిపాలుగారు కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా చెయ్యి పట్టుకొని, "నీకోసమే కాచుకున్నానయ్యా" అన్నారు. ఈ కథ మా ఇంట్లో పిల్లలందరికీ కంఠస్థం. మొన్న మనవరాలు తనకు సీటు వచ్చిందని ఫోనులో చెబుతుంటే, దాని సంబరం సగంలో ఆపి నా కథ మొదలుపెట్టాను. "తాతా, ఈసారి మూడా, నాలుగా?" అని అడిగింది. గడుసుది.

నాలుగూ కాదు, మూడూ కాదు. ఒకటే కాలేజీ, ఒకటే ఉత్తరం. అదీ ముక్కలుగా చేతికొచ్చింది. ప్రిన్సిపాలు లేచిన సంగతి చివర చెప్తాను. ఒప్పుకోవడానికి కాస్త దమ్ము కూడగట్టుకోవాలి.

మాది జమ్మలమడుగు దగ్గర ఒక నేతపల్లె. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నాయన, అవ్వ, నేను, ఒక గుంటమగ్గం. అక్కను ఆత్మకూరికి ఇచ్చాము, ఆ ఏడు నిండు చూలాలు. కర్నూలు అప్పుడు రాజధాని. నేను ఎస్సెల్సీ మంచి మార్కులతో పాసై, అక్కడి కాలేజీకి దరఖాస్తు పంపి కాచుకున్నాను. సీటుతో పాటు మెరిట్ స్కాలర్‌షిప్ వస్తేనే చదువు. రాకపోతే నాయన పక్కన ఇంకో మగ్గానికి గుంట తవ్వుకోవడమే. నాయన ఆ మాట కోపంగా అనలేదు. ఎక్కడ తవ్వాలో చూసి పెట్టాడు, అంతే.

మావైపు ఉత్తరాలకు ఒక పద్ధతి ఉండేది. చదువు రాని ఇళ్ళు కదా, మంచి కబురైతే నాలుగు మూలలా పసుపు రాసేవారు. చావు కబురైతే ఒక మూల మసి పూసేవారు. మసి పూసిన ఉత్తరాన్ని గడప దాటనివ్వరు. బయటే చదివించుకొని, చించి పారేసి, తలకు పోసుకొని లోపలికి వస్తారు.

నా ఉత్తరం వచ్చిన నాడు నేను నూలు తేవడానికి ప్రొద్దుటూరు పోయాను. తపాలా ముద్ర కొట్టిన మనిషెవరో గాని సిరా దండిగా అద్దినట్టున్నాడు, కవరు ఒక మూలంతా నల్లగా అలుక్కుపోయింది. పోస్టుమాను దాన్ని అరుగు మీద పెట్టి తన దారిన పోయాడు. అవ్వ చూసింది. చదివి చెప్పే బడిపంతులు సెలవులకు సొంతూరు పోయి ఉన్నాడు. అయినా చదివించుకునేందుకేముంది? మా ఇంటికి పోస్టులో కబురు రావాలంటే ఆత్మకూరు నుంచే రావాలి. నాయన తెగిన పోగు తెగినట్టే వదిలేసి, కట్టుబట్టలతో బస్సుకు పరుగెత్తాడు. అవ్వ కవరును చించి కంపచెట్లలోకి విసిరి, తలకు పోసుకుంది.

నేను వచ్చేసరికి ఇంటి ముందర ఆడవాళ్ళు శోకాలు పెడుతున్నారు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే కంప కింద ఒక ముక్క చూశాను. దాని మీద అచ్చు వేసిన ఇంగ్లీషు అక్షరాలు. అక్క పోతే మా బావ ఇంగ్లీషులో అచ్చు వేయించి పంపుతాడా? చేతులు ముళ్ళకు గీచుకుపోతున్నా ముక్కలన్నీ ఏరుకొచ్చి, పడుగుకు పెట్టే గంజితో పాత గుడ్డ మీద అతికించాను. సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ వచ్చింది. ఏ తేదీలోగా చేరాలో చెప్పే ముక్క మాత్రం దొరకలేదు.

"అవ్వా, అది చావు కబురు కాదు."

"ఎవురూ సావలేదా?"

"లేదు. నాకు కాలేజీలో సీటు..."

"నా మనమరాలు బతికే ఉండాదా?"

"ఉండాదవ్వా."

అవ్వ తడి తలతోనే వీధిలోకి ఉరికింది. "ఏడుపు సాలించండే! నా బిడ్డ సల్లగా ఉండాది!"

ఏడ్చినవాళ్ళే నవ్వారు. ఎవరో బెల్లం తెచ్చి పంచారు. ఒకామె నా చేతిలో గుడ్డ చూసి, "ఇంతకీ ఆ కాయితం ఏందప్పా?" అంది. చెప్పాను. "ఓ, మంచిదేలే" అని నాకూ ఒక బెల్లం ముక్క పెట్టింది. రాని చావుకే వాళ్ళ సంతోషమంతా సరిపోయింది. నేను మగ్గం పక్కన ఒక్కణ్ణే కూర్చొని ఆ బెల్లం తిన్నాను.

తేదీ తెలియదు కాబట్టి మర్నాడే బయల్దేరాను. "మీ నాయన వచ్చినాక పోరాదా?" అంది అవ్వ. గడువు దాటిపోతుందేమోనని భయం. ఆయనకు చెప్పకుండానే బస్సెక్కాను.

కాలేజీలో నన్ను చూసింది ప్రిన్సిపాలు కాదు, ఒక గుమాస్తా. కుర్చీలోంచి లేవలేదు. గుడ్డను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఇది లెటరా, దుప్పటి అతుకా? ఎలుకలు కొట్టినాయా?"

"లేదు సార్, మా అవ్వ."

"మీ అవ్వా!" అని నవ్వి, రిజిస్టరు నా వైపు తోశాడు. "ఇంత తొందరేమి? ఇంకా పది దినాలు గడువుండాదే."

పది దినాలు! ఆగి ఉంటే నాయన రెండు రోజుల్లో తిరిగి వచ్చేవాడు.

హాస్టలులో నాకు తెలిసిన ముఖం లేదు. మధ్యాహ్నం పోస్టు వస్తే పిల్లలందరూ గుమిగూడేవారు. నేనూ పోయి నిలబడేవాణ్ణి, నాకు రాసేవాళ్ళు లేరని తెలిసి కూడా. చివరికి నేనే కార్డు రాశాను: "నాయనా, సీటు, స్కాలర్‌షిప్ దొరికినాయి. ఈడ నాకు ఎవరూ లేరు. ఒకసారి వచ్చి చూసి పో." అవ్వ దీన్నీ చించుతుందేమోనని వంటమనిషిని పసుపు అడిగాను.

"ఎవరిదప్పా పెండ్లి?"

"నాదే" అన్నాను. పెండ్లికొడుకునని ఆ పూట ఇంకో సంగటి ముద్ద వేశాడు. నేను కార్డు నాలుగు మూలలా మందంగా పూశాను.

ఆదివారం ఆదివారం బస్టాండుకు పోయి, మావైపు నుంచి వచ్చే నంద్యాల బస్సు దిగేవాళ్ళ తలపాగాలు చూసేవాణ్ణి. మా నాయనకు పొలాల వ్యవహారాలు తెమలడం లేదని గదిలోవాళ్ళకు చెప్పాను. మాకు పొలమే లేదు.

దసరా సెలవులకు ఇంటికి పోయాను. అక్కకు కొడుకు పుట్టాడట. నాయన మగ్గం ఆపి, దూలంలో దోపిన కార్డు తీశాడు.

"ఎవరితో చదివించినావు నాయనా?"

"సదివించేదేముంది? ఇంత మందాన పసుపుండాదే! నువ్వు బాగుండావని తెలిసిపాయ. రాసింది మాత్రం నీ నోటనే ఇనాలని ఎవురికీ ఇయ్యలేదు. ఊ, సదువు."

చేతులు తుడుచుకొని కూర్చున్నాడు. "ఈడ నాకు ఎవరూ లేరు" అన్న వరుస నా కళ్ళ ముందే ఉంది.

"నాయనకు నమస్కారం" అని మొదలుపెట్టాను. "నేను గదిలోకి పోగానే ప్రిన్సిపాలుగారు కుర్చీలోంచి లేచినారు."

"లేచినాడా? నిన్ను జూసి?"

"లేచినారు. ఈడ రాసినా చూడు."

నేను వేలు పెట్టిన చోటు ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత అవ్వను కేకేశాడు. "మా, ఇట్లా రా! రేయ్, మొదట్నించీ ఇంకోసారి సదువు."

రెండోసారి ప్రిన్సిపాలును బల్ల చుట్టూ తిప్పాను. నా చెయ్యి పట్టించాను. "నీకోసమే కాచుకున్నానయ్యా" అనిపించాను.

నాయన కార్డును మళ్ళీ దూలంలో దోపి, గుంటలోకి దిగుతూ, "పసుపు జూసినప్పుడే అనుకున్యా" అన్నాడు.