సూది ఊగిన నేరం

వికారాబాద్ దాటి అనంతగిరి ఎక్కుతుంటే, అడవి అంచున అరవై నాలుగులో ఒక గది కట్టారు. ఒక్క ఇనప మేకు కూడా వాడలేదు. తలుపు బందులు సైతం ఇత్తడివే. లోపల దారానికి వేలాడే అయస్కాంతపు సూది. భూమి తాలూకు అయస్కాంతం ఏ కాస్త మారినా అది కదులుతుంది. ఒకప్పుడు ఓడలకు దారి చూపిన జాతిదే. కాకపోతే దీన్ని ఎక్కడికీ పోనివ్వరు, ఒకచోట కూర్చోబెట్టి నాడి చూస్తారు. ఆ గది ఊడ్చే పని కుర్మ మొగులమ్మది. భర్త పోయిన మనిషి. పక్కనే ఉండడానికి ఒక కొట్టమిచ్చి, ఇనుము తేకూడదని షరతు పెట్టారు. ఆమె గొర్రెల కత్తెరతో సహా అన్నీ కొండ కింద చెల్లెలింట్లో పడేసి వచ్చింది.

ఆ చలికాలం బిడ్డ బుగ్గమ్మ పురిటికి వచ్చింది. వాళ్ళ ఇళ్ళల్లో బాలింత తలగడ కింద కొడవలి ఉండాల్సిందే, గాలీధూళీ సోకకుండా. మొగులమ్మ పెట్టలేదు. కొలువు పోతే బిడ్డకు గంజి ఎవరు పోస్తారు? పసిదాన్ని చూడడానికి బషీరాబాద్ నుంచి వచ్చిన వియ్యపురాలు కొండమ్మతో మాత్రం పెట్టానని అబద్ధమాడింది.

ఆ వారమే సూది దారి తప్పింది. రోజూ పగలు ఎండను బట్టి ఒక పక్కకు జరిగేది కాస్తా మధ్యాహ్నం అయ్యేసరికి ఎదురు తిరగసాగింది. గదిని చూసే సాబు నేరుగా కొట్టంలో చొరబడి బాలింత పక్క దులిపించాడు. ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే అతనికి సాక్ష్యమైంది, ఎక్కడో దాచారని.

"మీవాళ్ళు ఇనుము లేకుంట బాలింతను పండవెడ్తరా? నాకు తెల్వదా?"

"మా ఆచారం ఇడిసి మీ సూదిని కాపాడిన సాబ్," అంది మొగులమ్మ.

అతను వినలేదు. పురుడు కడగకముందే, మంచు కురుస్తుండగా, ముగ్గుర్నీ కొండ దించాడు. బషీరాబాద్‌లో కొండమ్మ ఇంటికి చేరేసరికి పసిదానికి దగ్గు పట్టింది.

నెల తిరక్కముందే హైదరాబాద్ నుంచి పెద్ద సాబు వచ్చాడు. దూరాన ఉన్న మిగతా గదుల్లోనూ ఆ రోజుల్లో సూదులు అట్లాగే నడిచాయట. కొండ మీది కొడవలి వందల మైళ్ళ అవతలి సూదిని కదిలిస్తుందా? నేరం గాలిది. ఎండకు వేడెక్కి, చంద్రుడు లాగుతుంటే, కింది గాలికి కూడా సముద్రానికి ఉన్నట్టే ఆటుపోట్లుంటాయి. ఆ ఊపు పైకి పాకుతూ, గాలి పలచబడేకొద్దీ పెద్దదవుతుంది. అరవై డెబ్భై మైళ్ళ ఎత్తున కరెంటు పారే గాలి ఉంది. ఈ ఊపు దాన్ని తోస్తే ఆ పారుదల మారుతుంది, దానితో ఇక్కడి సూదీ మారుతుంది. కొన్ని చలికాలాల్లో ఆ పోటు మరీ ఎక్కువ. చదువుకున్నవాడు ఆకాశం వైపు చూడాల్సింది పోయి తలగడ ఎత్తి చూశాడు.

చప్రాసి హన్మయ్యను బషీరాబాద్ పంపారు. వాకిట్లో అందరి ముందే చెప్పాడు: "అక్కా, నీ తప్పు లేదట. నీ కాడ ఇనుమే లేకుండెనట. మళ్ల పనికి రమ్మన్నరు."

కొండమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. "ఇనుమే లేకుండెనా?"

కొండ మీద నింద కడిగిన మాటే ఇక్కడ మొగులమ్మను ముంచింది. పిల్ల దగ్గు నీ పుణ్యమేనని, ఇక పసిదాన్ని ముట్టొద్దని కొండమ్మ తెగేసి చెప్పింది.

"అబద్దమాడిన, నా తప్పే. పచ్చిబాలింతను సలిల ఎల్లగొట్టినోని తప్పు గూడ నా నెత్తినే పెడ్తవా వదినె?" అని, మొగులమ్మ హన్మయ్య వైపు తిరిగింది. "మీ సాబును రమ్మను. గీ వాకిట్ల నిలవడి, నేనే ఎల్లగొట్టిన అని చెప్పుమను."

అంతటి మనిషి ఇంత దూరం వస్తాడా అని హన్మయ్య నసిగాడు.

"గాలి గంత పైకి పోతదంట. ఆయన బషీరాబాద్ దాంక రాలేడా?"

సాబు రాలేదు. మొగులమ్మ మళ్ళీ కొండెక్కలేదు. తాండూరు నాపరాళ్ళ గనిలో కూలికి కుదిరింది. తొలి ఆదివారమే బుగ్గమ్మ, అత్తను అడక్కుండా, పిల్లను చంకనేసుకుని తాండూరు రైలెక్కింది. చేతుల నిండా రాతి దుమ్ము, కడుక్కొస్తానని మొగులమ్మ అంటుండగానే పిల్లను ఆమె ఒళ్ళో వేసింది.