వెళ్లేవాళ్లు చెప్పే ‘వస్తాను’

మా కోనసీమలో ఒకరింటి నుంచి బయలుదేరేటప్పుడు “వెళ్తాను” అనరు, “వస్తానండీ” అంటారు. నా చదువు పదో తరగతితో ఆగింది. తర్వాత నేర్చుకున్నదంతా అమలాపురం గ్రంథాలయంలోనే. అక్కడి నిఘంటువులన్నీ తిరగేశాను. ఈ మాట ఎక్కడ అనకూడదో మాత్రం వేటిలోనూ కనబడలేదు. అందుకే రాసిపెడుతున్నాను.

చావు జరిగిన ఇంట్లో అనకూడదు. పలకరించడానికి వెళ్లినవాళ్లు కాసేపు కూర్చుని, చెప్పకుండా లేచి వచ్చేయాలి. “వస్తాను” అంటే అలాంటి పనిమీదే మళ్లీ ఆ గడప తొక్కాల్సి వస్తుందని పెద్దవాళ్ల భయం.

కిందటేడు బండారులంకలో నేత పనిచేసే నా స్నేహితుడు పోయాడు. పెద్దకర్మ కాకముందే నేనూ మా ఆవిడా పలకరించడానికి వెళ్లాం. అతని భార్య మగ్గం పక్కన చాప మీద కూర్చుని ఉంది. తోడుగా వాళ్ల పిన్నిగారు. కాసేపయ్యాక నేను మౌనంగా లేచి చెప్పులు వేసుకున్నాను. మా ఆవిడ గుమ్మంలో కుచ్చిళ్లు సర్దుకుంటూ అలవాటుగా అనేసింది.

“వస్తానండీ వదినగారూ.”

పిన్నిగారు గయ్యిమన్నారు. “ఏవమ్మా, ఇంత వయసొచ్చింది, చావింట అనే మాటేనా అది?”

మా ఆవిడ ముఖం పాలిపోయింది. నేను ఏదో సర్దిచెప్పబోయేలోగా స్నేహితుడి భార్యే అందుకుంది.

“ఊరుకో పిన్నీ. రండి వదినా, తప్పకుండా రండి. వచ్చినోళ్లందరూ దొంగల్లాగ జారిపోతన్నారు. తలెత్తేసరికి చాప ఖాళీ. కర్మ అయిపోతే ఇంకెవరూ ఈ గుమ్మం ఎక్కరేవోనని బెంగగా ఉందండీ.”

“ఆయ్, వస్తానండి. శుక్రవారం వస్తాను,” అంది మా ఆవిడ.

“శుక్రవారవా!” పిన్నిగారు నెత్తి కొట్టుకున్నారు. “చావింటికి శుక్రవారం వస్తారా ఎవరైనా?”

స్నేహితుడి భార్య కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. “అయితే గురువారం రండి వదినా.”

గురువారం వెళ్లాం. ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాం. ఆ ఆచారం పలకరించడానికి వెళ్లే మా బోటివాళ్ల భయంలోంచి పుట్టింది. ఇంట్లో మిగిలిపోయిన మనిషికి ఆ మాట ఎంత అవసరమో ఎవరూ అడిగినట్టు లేదు. నేనూ అడగలేదు.

ఆ ఇంటివాళ్లు పేర్లు రాయొద్దన్నారు కాబట్టి వరసలతోనే చెప్తాను. ఈ సంగతి రాయడానికి ఒప్పుకున్న నా స్నేహితుడి భార్యకి, అడిగినప్పుడల్లా బరువైన సంపుటాలు కిందికి దించిన గ్రంథాలయం అమ్మగారికి, ఆరోజు నోరు జారిన మా ఆవిడకి కృతజ్ఞతలు. పిన్నిగారికి కూడా. ఆవిడ మాత్రం మేం లేచేసరికి చెవులు మూసుకుంటారు.