రెండు వేళ్ళ సాయం

ఆ పశువుల ఆసుపత్రిలో ఆమెను అందరూ పట్టక్క అంటారు. సూది వేసేది డాక్టర్లయినా, మూగజీవాన్ని కదలకుండా పట్టుకునేది ఆమె. పందొమ్మిదేళ్ళుగా అదే పని. రక్కే పిల్లి అయినా, కరిచే కుక్కయినా ఆమె చేతుల్లోకి వచ్చాక నోరెత్తదు. "పట్టక్క ఉంటే మత్తుమందు దండగ" అని కుర్ర డాక్టర్లు వేళాకోళమాడేవారు. పైకి కసురుకునేది గాని, ఆ మాటకు లోలోపల మురిసిపోయేది.

డాక్టరమ్మ ఆక్యుపంక్చర్ నేర్చుకొచ్చి, వెనక గదిలో రబ్బరు చాప పరిచి, కుక్కల వెన్నులో వెంట్రుకంత సన్నని సూదులు గుచ్చడం మొదలుపెట్టినప్పుడు పట్టక్క మూతి విరిచింది. "మందులకు లొంగని రోగం సూదులకు లొంగుతుందా? విడ్డూరం కాకపోతే!" అంది. అంటూనే, గుచ్చినవి ఎన్ని, తీసినవి ఎన్ని అని లెక్క మాత్రం తానే చూసేది. ఒక్కటి తగ్గినా చాపంతా దులపాల్సిందే. కుక్క నాకి మింగిందంటే కొంప మునుగుతుంది మరి.

అలాంటి రోజుల్లో ఓ లిఫ్టు మేస్త్రి తన కుక్కను ఎత్తుకొచ్చాడు. ఆయన ఈమధ్యే పని మానుకుని ఇంటిపట్టున ఉంటున్నాడు. కుక్క జానెడు ఎత్తు, దానికి మూడింతల పొడుగు, ఒళ్ళంతా బొచ్చు. పేరు పొడుగోడు. సోఫా మీంచి దూకి వెన్ను దెబ్బతింది, వెనక కాళ్ళు పడిపోయాయి. ఆపరేషన్‌కు సమయం మించిపోయిందని పెద్దాసుపత్రిలో చెప్పేశారట. నేల మీద ఈడ్చుకుని ఈడ్చుకుని తొడలు పుండ్లయ్యాయి.

"ఎనిమిదిసార్లు చూద్దాం డాక్టరమ్మా" అన్నాడు మేస్త్రి. "అప్పటికీ సొంతంగా నిలబడకపోతే ఇంజెక్షనిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చెయ్యండి. నా ముచ్చట కోసం వాణ్ణి ఏడిపించలేను."

వారానికి రెండుసార్లు వచ్చేవాళ్ళు. సూదులకు చిన్న క్లిప్పులు తగిలించి, చీమ కుట్టినంత కరెంటు ఇరవై నిమిషాలు పెట్టేది డాక్టరమ్మ. పొడుగోడు పట్టక్క ఒళ్ళో తల పెట్టుకుని గుర్రుపెట్టేవాడు. "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా! కరెంటు పెట్టించుకుని నిద్రపోతున్నాడు చూడండి" అని నవ్వేది. ఏ జంతువు మీదా మనసు పెట్టుకోకూడదన్నది ఆమె నియమం. వీడి దగ్గర అది చెల్లలేదు.

ఆరోసారి సూదులు తీశాక "నిలబెట్టి చూద్దాం అక్కా" అంది డాక్టరమ్మ. పట్టక్క కుక్కను లేపి చేతులు వెనక్కి తీసుకుంది. కుడిచేతి వేళ్ళు రెండు మాత్రం పొట్టకింద బొచ్చులో ఉండిపోయాయి. అలవాటైపోయిన చెయ్యి, పడబోయేదాన్ని పడనివ్వదు. డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని గడియారం చూస్తోంది. "పదిహేను సెకన్లు!" అని కేకేసింది. మేస్త్రి నేల మీద చతికిలబడి ఏడ్చేశాడు. వేళ్ళు తీసేద్దామనుకుంది పట్టక్క. తీస్తే కుక్క పడుతుంది, పడితే వాడికి మిగిలింది ఇంక రెండుసార్లే. తియ్యలేదు.

ఆ సాయంత్రమే మేస్త్రి, డాక్టరమ్మ తెప్పిద్దామన్న, కుక్క నడుముకు కట్టే రెండు చక్రాల బండి ఇక వద్దని ఫోన్ చేసి చెప్పేశాడు. డాక్టరమ్మ కరెంటు మానేసి, వారానికి ఒక్కసారి చాలంది. పట్టక్క దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయింది. ఏడోసారి మళ్ళీ అదే పని చేసింది. ఈసారి అలవాటని సర్దిచెప్పుకోవడానికీ లేదు.

ఎనిమిదోసారి వచ్చినప్పుడు కుక్కను తిప్పి చూస్తే, మానుతున్న పుండ్లు మళ్ళీ పచ్చిగా ఉన్నాయి. "లేచి తిరుగుతాడు కదా అని కింద వదిలేస్తున్నానమ్మా" అన్నాడు మేస్త్రి. పట్టక్క పుండుకు మందు రాస్తూ రాస్తూ ఆగిపోయింది.

"డాక్టరమ్మా, వీడు నిలబడలేదు. నేనే నిలబెట్టాను. రెండుసార్లూ పొట్టకింద నా వేళ్ళున్నాయి."

డాక్టరమ్మ వాణ్ణి మళ్ళీ నిలబెట్టించింది. "చెయ్యి తియ్యి అక్కా" అంది. తీసింది. పొడుగోడి నడుము చతికిలబడింది. డాక్టరమ్మ వెనక కాలి వేలును పట్టకారుతో గట్టిగా నొక్కింది. కుక్క చటుక్కున తిరిగి కుయ్యిమంది.

"మొదటిరోజు ఇంత నొక్కినా వీడికి తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. ఇదొక్కటే నిజం. నడుస్తాడో లేదో చెప్పలేను" అంది. "మళ్ళీ కరెంటు పెట్టాలి, బండి తెప్పించాలి. లేదూ, మీరన్నట్టే చేద్దామంటే మీ ఇష్టం."

మేస్త్రి కుక్కను ఒళ్ళోకి తీసుకున్నాడు. "లిఫ్టు తాడు తెగేలా ఉంటే తెగేలా ఉందనే చెప్పాలమ్మా" అన్నాడు పట్టక్కతో, గొంతు పెంచకుండానే. "బాగుందంటే జనం ఎక్కేస్తారు."

తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగాడు. "నిద్రపుచ్చొద్దు. వాడి రోజులు కొన్ని మనమే పాడుచేశాం, అవి వాడికి తిరిగి ఇవ్వాలి. బండి తెప్పిస్తాను. కాకపోతే ఈవిడ మాత్రం వాణ్ణి పట్టుకోవద్దు."

పందొమ్మిదేళ్ళలో ఆ మాట ఎవరి నోటా వినలేదు పట్టక్క. తల తీసేసినట్టయింది. ఆయనన్నదాంట్లో తప్పేముందని కూడా అనిపించింది. లేచి చేతులు కడుక్కుని, పక్కగదిలోంచి కొత్తగా చేరిన డాక్టరును పిలుచుకొచ్చి చాప మీద కూర్చోబెట్టింది.

"తల నిమురుతూ ఉండు, వాడికి అదిష్టం. నిలబెట్టాక మాత్రం చేతులు వెనక్కి కట్టుకో. పడితే పడనీ" అని చెప్పి, గదిలోంచి వెళ్ళిపోయింది.