నిటారుగా గీసిన గోడ

2023లో నేను హైదరాబాద్ నాచారంలో, ప్లాస్టిక్ డబ్బాల కంపెనీ పై అంతస్తులోని ఒక డ్రాయింగ్ ఆఫీసులో పని చేసేదాన్ని. విదేశాల్లో లేజర్‌తో కొలిచిన భవనాలు మాకు పాయింట్ క్లౌడ్‌గా, అంటే లక్షల చుక్కల గుంపుగా వచ్చేవి. ఆ చుక్కల మీద గోడలు, కిటికీలు గీసి పంపాలి. చిల్కానగర్‌లోని ఇంటికి వెళ్ళే ఆటోలో కళ్ళు మూసుకున్నా చుక్కలే కనిపించేవి.

ఆ ఏడు ఫ్రాన్స్‌లోని ఒక చిన్న సంత ఊరి నుంచి ఐదారు వందల ఏళ్ళ నాటి రాతి ఇల్లు వచ్చింది. కింద దుకాణం, పక్కన బురుజులో మెలి తిరిగే మెట్లు. ఒక్క మూలైనా సూటిగా ఉంటే ఒట్టు. వీధి వైపు గోడైతే కడుపులా ముందుకు ఉబ్బింది.

మా ఆఫీసులో వంకర గోడల్ని సరిచేసి పంపడం అలవాటు. మా క్లయింట్లలో ఎక్కువమంది హోటళ్ళ వాళ్ళు, వాళ్ళకు అదే నచ్చేది. నేను ఉబ్బుతో సహా గీసిన గోడను టీమ్ లీడ్ శ్రీనన్న నిటారుగా మార్చేశాడు.

"అన్నా, అది వంకరనే ఉంది గదా!"

"క్లయింటుకు నీట్‌గ గావాలె. లేని పంచాయితీ ఎందుకమ్మా?"

ఎంత చెప్పినా వినలేదు, పంపేశాడు.

వారం తర్వాత అక్కడి ఆర్కిటెక్ట్ వీడియో కాల్ చేసింది. పక్కనే ఆ ఇంటి ముసలావిడ నవ్వుతూ కూర్చుంది; కింది దుకాణంలో టోపీలు అమ్ముకునేదట. గోడ కూలుతుందన్న భయంతో ఊరి అధికారులు ఆవిడను ఖాళీ చేయించారట. ఎప్పుడో గీసిన పాత డ్రాయింగులో ఉన్నదానికంటే ఉబ్బు పెరగకపోతేనే తిరిగి రానిస్తారట. ఈ సంగతి మాకు అప్పుడే తెలిసింది.

"ఉబ్బు ఏమైంది?" అంది ఆర్కిటెక్ట్, అనుమానంగా.

"మేమే సరిచేశాం మేడమ్" అన్నాను. ఆ మాట తన భాషలో విన్నాక ముసలావిడ నవ్వు ఆగిపోయింది. నాకు సిగ్గేసింది. శ్రీనన్న మీద ఒళ్ళు మండింది.

గోడను సెక్షన్లుగా, అంటే అడ్డంగా కోసి చూసినట్టు గీసి, ఆర్కిటెక్ట్ పంపిన పాత డ్రాయింగు మీద పరిచాను. ఉబ్బు పెరిగింది. దేవుడికి మొక్కుకుని మళ్ళీ కొలిచాను. పెరిగింది.

మళ్ళీ కాల్ కలిసినప్పుడు ఉబ్బు పెరిగిందని చెప్పాను. ముసలావిడ ఏదో అడిగింది. ఆర్కిటెక్ట్ ఇంగ్లిష్‌లో చెప్పింది: "మీ అమ్మనైతే ఆ ఇంట్లోకి పంపిస్తావా, అంటోంది."

"పంపను" అన్నాను.

కాల్ అయ్యాక శ్రీనన్న నెమ్మదిగా అన్నాడు: "ఊకో అమ్మా. కొలత గట్లొచ్చింది, మనమేం జేస్తం?"

అప్పటిదాకా కొలత తప్పు రాకుంటే చాలనుకునేదాన్ని. సరైన కొలత కూడా ఒక మనిషికి ఇల్లు లేకుండా చేస్తుంది, ఆ సంగతి మన నోటితోనే చెప్పాల్సి వస్తుంది.