దెయ్యం 2కి మాటలొచ్చిన ఆదివారం

ఇదొక మహాగాథ. ఇందులో శాపం తగిలిన బావి ఉంది, లాంతరు పట్టుకున్న ముసలాడున్నాడు, తలుపు వెనక కాచుకుని కూర్చున్న దెయ్యం ఉంది, ఒక తండ్రి పరువు గాల్లో వేలాడే ఘట్టం ఉంది. సరే, అంత సీను లేదు. జగ్గయ్యపేటలో మా మేడ మీద గదిలో కూర్చుని ఆన్‌లైన్ సేల్‌లో ఒక పాత కంప్యూటర్ గేమ్ కొన్నాను. పరువు సంగతి మాత్రం నిజం.

సేల్ పెట్టినప్పుడు నేను కొత్త గేముల జోలికి పోను. వాటి బొమ్మలు చూస్తేనే నా ల్యాప్‌టాప్ ఫ్యాను ఆయాసపడుతుంది. పాతవాటిలోకి దిగి, విడుదలై పదిహేనేళ్ళు దాటినా నిన్నగాక మొన్న కూడా ఎవరో రివ్యూ రాసిన గేమ్ కోసం వెతుకుతాను. ఇన్నేళ్ళ తర్వాత తిట్టడానికైనా ఓపిక చేసుకున్నారంటే అందులో విషయం ఉన్నట్టే. అలా వెతుకుతుంటే ఒక గేమ్ బొమ్మలో, చిన్నప్పుడు చూసిన ఆ బావి కనిపించింది. వెన్ను చల్లబడింది. కిటికీ తెరిచే ఉందనుకోండి, అయినా చల్లబడింది.

ఆ గేమ్ అసలు పేరు నాకు అప్పటిదాకా తెలియదు. నేను ఏడో తరగతి, మా పెదనాన్న కొడుకు ఇంటర్ చదివే రోజుల్లో నందిగామలో ఒక నెట్ సెంటర్‌లో ఆడేవాళ్ళం. ఎనిమిది కంప్యూటర్ల చిన్న డిస్కుల్లోనూ గేములు పట్టాలని ఆ సెంటరాయన వాటిలోంచి మాటలూ శబ్దాలూ తీసేసేవాడు. ఐకాన్ కింద పేరు కూడా ఆయనే పెట్టేవాడు. దీనికి ‘దెయ్యం 2’ అని పెట్టాడు. దెయ్యం 1 ఎక్కడా లేదు.

మాటల్లేని గేమ్‌కి కథ చెప్పే పని అన్నయ్య తీసుకున్నాడు. పడమటి గదిలో తెల్లబట్టల ఆడమనిషి దెయ్యం. లాంతరు తాత మంచివాడు, ఆయన వెనకే పోవాలి. పోయేవాళ్ళం. మూడో తలుపు దాటగానే చచ్చేవాళ్ళం. ప్రతి ఆదివారం. “సిస్టం స్లోరా, అందుకే” అనేవాడు. నేను నమ్మాను.

అన్నయ్య ఇప్పుడు చందర్లపాడులో మిరప వేస్తున్నాడు. ఆరేళ్ళ కూతురు. ఆ పిల్ల అన్నం తినాలంటే లాంతరు తాత కథ పడాలి. ఒక్కో ముద్దకీ ఒక్కో తలుపు. చివరి ముద్దకి నాన్న, తాత కలిసి దెయ్యాన్ని బావిలోకి తోసేస్తారు. అలాంటిదేమీ జరగలేదని తెలిసిన సాక్షిని నేనొక్కడినే. నెట్ సెంటర్‌లో అన్నయ్య కూర్చున్న కుర్చీలో సగం నాది.

గేమ్ దొరికిందని ఫోన్ చేయడం నా తప్పు. అన్నయ్య స్పీకర్‌లో పెట్టాడు, పిల్ల వింది. ఆదివారం మధ్యాహ్నానికి ఇద్దరూ బండి మీద దిగారు.

చిల్లకల్లు వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. మూడింటికే గది చీకటి. పిల్ల మంచినీళ్ళకు కిందికి వెళ్ళగానే అన్నయ్య నా చెవి దగ్గరికొచ్చాడు.

“ఏరా, వాయిస్ తీసేయొచ్చా?”

“దాని కోసమేగా కొన్నా.”

“నీ దుంపతెగ.”

మొదలైంది. బావి గిలక కిర్రుమంది. ఎక్కడో ఎవరో ఊపిరి పీల్చారు. ఇన్నేళ్ళూ మూగగా ఉన్న ఇల్లు మేము రావడం కోసమే నోరు బిగబట్టినట్టుంది. తాత లాంతరెత్తి ముందు నడిచాడు. పడమటి గదిలోంచి ఆవిడ ఇంగ్లీషులో ఏదో అంది. అర్థంకాక నేను, అన్నయ్య ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పొద్దస్తమానం ఇంగ్లీషు కార్టూన్లు చూసే పిల్లకు ఆ కష్టం లేదు.

“నాన్నా, తాతతో వెళ్ళొద్దంటోంది.”

అన్నయ్య యారో కీ వదల్లేదు. “దెయ్యాలు అలాగే అంటాయమ్మా.”

“వాళ్ళ పాపని బావిలో తోసింది తాతేనంట.”

మూడో తలుపు. బయట ఉరిమింది. నేను కల్పించడం లేదు, వానాకాలంలో ఉరుముతుంది. తాత వెనక్కి తిరిగి, మా ముఖంలోకి చూసి, లాంతరు ఆర్పాడు. తలుపు పడింది. ఎప్పట్లాగే చచ్చాం, ఈసారి అరుపుతో సహా.

పిల్ల తండ్రి వైపు తిరిగింది. “మరి దెయ్యాన్ని బావిలోకి తోశానన్నావుగా?”

అన్నయ్య నా వైపు చూశాడు. “అది పాత వెర్షనమ్మా” అన్నాను.

“అందులో ఆవిడ చెప్పలేదా?”

“చెప్పే ఉంటుందిలే” అన్నాడు అన్నయ్య. “మాకు వినపళ్ళేదు.”

పిల్ల నా వైపు తిరిగింది. “మీరు ఆవిడనే తిట్టారు కదా, బాబాయ్?”

దీనికి నా దగ్గర జోకు లేదు. రెండు వెతికాను, రెండూ పనికిరాలేదు.

“ఇప్పుడావిడ చెప్పినట్టు వెళ్ళు నాన్నా” అంది. అన్నయ్య మళ్ళీ మొదలుపెట్టి పడమటి గదిలోకి నడిపాడు. ఆవిడ పక్కకు తప్పుకుంది. వెనక దొడ్డి తలుపు తెరిచే ఉంది.

లాంతరు తాత కథ ఇప్పుడు చెల్లడం లేదు. మొదటి ముద్దకే “తాత దొంగ” అని పిల్ల నోరు మూసేస్తోందట. వదిన పెరుగన్నంలో చక్కెర వేసి పెడుతోంది. రెండు చెంచాలు.